వెండితెర మీద వెలి – 6: వాళ్ల నాయకులు, మన రాక్షసులు

థ్రిల్లర్ సినిమాల్లో మర్చిపోలేని విలన్ ఎవరని అడిగి చూడండి. తెలుగు ప్రేక్షకుడు తడుముకోడు. 'రాక్షసుడు'లో క్రిస్టఫర్ అంటాడు. కొంచెం పాతకాలం వాడైతే 'అంకుశం' రామిరెడ్డి అంటాడు. థ్రిల్లర్ అన్న గీత దాటి మాట్లాడితే 'అరుంధతి' పశుపతి, 'బాహుబలి' భల్లాలదేవుడు కూడా లిస్టులో చేరతారు. ఇలాంటి లిస్టులు నేనూ సరదాగానే చదువుతాను. చదివాక ఒక ప్రశ్న మిగిలిపోతుంది. మా వాడల మీద పడ్డవాడు, మా పిల్లల్ని నరికించినవాడు ఈ లిస్టుల్లో ఎందుకు కనపడడు?

"సినిమాని సినిమాలా చూడండి మేడమ్" అని పోయిన భాగం కింద ముప్పైమంది రాశారు. ఈసారి కూడా రాస్తారు. నేను చూసేదీ సినిమాలాగే. సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినవాళ్లకు వచ్చిన పని ఒక్కటే: కథలో ఎవర్ని ఎక్కడ నిలబెట్టారు, ఎవరికి మాటిచ్చారు, ఎవరి నోరు మూశారు అని చూడటం. ఆ పనే చేస్తున్నాను.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. పైనున్నవాడు దుర్మార్గుడైతే మన సినిమా వాడికి ఒక కథ ఇస్తుంది. కిందివాడి పోలికలున్నవాడు దుర్మార్గుడైతే వాడికి భయంకరమైన ముఖం ఒకటి తగిలించి వదిలేస్తుంది. ఎప్పుడో ఒకసారి ఎవరో ధైర్యం చేసి అసలు విలన్ని తెర మీదికి తెస్తే, ప్రేక్షకులు వాడినే హీరోని చేసుకుంటారు.

ఒకటి

విలన్ అనే మాట మనకు మొన్న వచ్చింది. ప్రతినాయకుడు పాతవాడు. ధనంజయుడి దశరూపకం ప్రతినాయకుడి లక్షణాలు చెబుతుంది: లోభి, ధీరోద్ధతుడు, మొండివాడు, పాపం చేసేవాడు, వ్యసనపరుడు. ఇందులో 'ధీరోద్ధతుడు' దగ్గర ఆగండి. నాయకుల్ని నాలుగు రకాలుగా విడదీసినప్పుడు అందులో ఒక రకం పేరు అది. అంటే శాస్త్రం లెక్కలో ప్రతినాయకుడిది కూడా నాయకుడి అంతస్తే. రాముడికి ఎదురు నిలబడాలంటే రావణుడికి ఒక లంక ఉండాలి, వేదం వచ్చి ఉండాలి.

తెలుగు సినిమా ఈ పాఠాన్ని శ్రద్ధగా నేర్చుకుంది. ఎన్టీ రామారావు 'భూకైలాస్' (1958)లో, 'సీతారామ కళ్యాణం' (1961)లో రావణుడు. 'దానవీరశూర కర్ణ' (1977)లో దుర్యోధనుడు. 'నర్తనశాల' (1963)లో ఎస్వీ రంగారావు కీచకుడు. వాళ్లని జనం అసహ్యించుకోలేదు, ఆరాధించారు. సింహాసనం మీద కూర్చున్న దుర్మార్గుడికి దర్పం ఇచ్చాం, పద్యం ఇచ్చాం, చివర్లో కాస్త దుఃఖం కూడా ఇచ్చాం.

ఆ వసతి ఎవరికి దక్కలేదో 'బాహుబలి' (2015)లో చూడండి. ఆ ఒక్క సినిమాలోనే ఇద్దరు విలన్లున్నారు. భల్లాలదేవుడు రాజకుమారుడు. తెల్లటి ఒళ్లు, కండలు, నగలు, సింహాసనం రాలేదన్న కడుపుమంట, ఆ మంటకు ఒక తండ్రి కథ. వాడు ఎంత దుర్మార్గుడైనా వాడికి బంగారు విగ్రహం లేస్తుంది. రెండోవాడు కాలకేయుడు. ఒంటినిండా నలుపు పులిమారు. మనుషుల భాష కూడా ఇవ్వకుండా కిలికి అని ఒకటి కొత్తగా కట్టి నోట్లో పెట్టారు. వాడికి ఇల్లు లేదు, తల్లి లేదు, కారణం లేదు. వచ్చీరాగానే మహారాణి మీద కన్నేస్తాడు. నల్లటివాడు మన ఆడవాళ్ల మీద కన్నేశాడన్న ఒక్క ముక్కతో ఈ దేశంలో ఎన్ని వాడల మీద దాడులు జరిగాయో తెలిసినవాళ్లకు ఆ సీను కాల్పనికంగా అనిపించదు. థియేటర్లో వాడి సైన్యం కుప్పలు కుప్పలుగా చస్తుంటే ఈలలు వేశాం. భల్లాలుడు చావడానికి మాత్రం రెండేళ్లు ఆగి, మళ్లీ టికెట్ కొనుక్కున్నాం.

విలన్‌కి ముఖం ఇవ్వడంతోపాటు యాస ఇవ్వడం కూడా మన పరిశ్రమకు తెలుసు. 'ప్రతిఘటన' (1985)లో కోట శ్రీనివాసరావు తెలంగాణ యాసలో మాట్లాడి పేరు తెచ్చుకున్నారు. ఆయనది కృష్ణా జిల్లా కంకిపాడు. గొప్ప నటుడు, అందులో అనుమానం లేదు. కానీ ఆ తర్వాత ఎన్నో ఏళ్లపాటు తెరమీద తెలంగాణ మాట వినపడితే ప్రేక్షకుడు రౌడీ కోసమో జోకర్ కోసమో చూసేవాడు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో ఈ మాట గట్టిగా అడిగారు, సినిమావాళ్లు కొంత సర్దుకున్నారు. యాస విషయంలో అడిగినట్టు రంగు విషయంలో, పేరు విషయంలో ఇంకా ఎవరూ అడగలేదు. అందుకే పేరు దగ్గరికి వస్తున్నాను.

రెండు

2018లో తమిళంలో 'రాచ్చసన్' వచ్చింది. 2019 ఆగస్టులో అదే తెలుగులో 'రాక్షసుడు' అయింది. బిగుతైన సినిమా, ఒప్పుకోవాల్సిందే. స్కూలు పిల్లలు ఒక్కొక్కరే మాయమవుతుంటారు, బహుమతి డబ్బాలో చెక్కేసిన బొమ్మ తల దొరుకుతుంది, హంతకుడు వచ్చేముందు పియానో మోగుతుంది. ఆ పియానో వింటే ఇప్పటికీ వీపు జలదరిస్తుంది.

హంతకుడి పేరు క్రిస్టఫర్. తల్లి మేరీ ఫెర్నాండెజ్. చిన్నప్పుడే ముసలితనం ముంచుకొచ్చే జబ్బు. స్కూల్లో తోటి పిల్లలు వాడిని చూసి నవ్వారు. ప్రేమించిన అమ్మాయి అందరిముందూ అవమానించింది. తల్లీకొడుకులు కలిసి ఆ అమ్మాయిని చంపారు. పెద్దయ్యాక వాడు తల్లి వేషంలో స్కూళ్లలో మ్యాజిక్ చేస్తూ అమ్మాయిల్ని ఎంచుకుంటున్నాడు.

తమిళనాడులో ఫెర్నాండెజ్ అన్న ఇంటిపేరుకు సముద్రతీరంలో వేరే చరిత్ర ఉంది. తెలుగునేల మీద ఆ చరిత్ర లేదు. ఇక్కడ పల్లెటూళ్లో ఒకడు "నా పేరు క్రిస్టఫర్" అంటే వినేవాడి మనసు నేరుగా ఎక్కడికి వెళుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఊరికి చివర, కాలువకి అవతల, చర్చి మైకు వినపడే చోటికి వెళుతుంది. మా ఇంట్లో ఇద్దరు మేరీలున్నారు. ఒకామె పొలం పనికి వెళ్లి నలుగురు పిల్లల్ని చదివించింది. రీమేక్ చేసినవాళ్లకు హీరోని తెలుగువాడిని చెయ్యాలని తోచింది. ఆ పేరు ఈ నేల మీద ఎవరి పేరవుతుందో ఆలోచించాలని తోచలేదు.

"పేరేముంది మేడమ్" అంటారా. మా కాలేజీలో డిగ్రీ మొదటి సంవత్సరంలో అలాంటి పేరే ఉన్న ఒక పిల్లవాడు ఉండేవాడు. అటెండెన్స్‌లో ఆ పేరు పిలవగానే వెనక బెంచీలోంచి ఎవడో ఆ పియానో ట్యూన్‌ని ఈల వేసేవాడు, క్లాసంతా నవ్వేది. నేను తిట్టాను, ఆపించాను. ఆపించింది నా క్లాసులో మాత్రమే. పదిహేను రోజుల తర్వాత ఆ పిల్లవాడు స్టాఫ్‌రూమ్ బయట నిలబడి, "మేడమ్, నన్ను నంబరుతో పిలవండి చాలు" అన్నాడు. ఊళ్లో వాళ్ల తాత పేరును వంకరగా పిలిచారు. నాన్న పేరు పక్కన కులం తగిలించి పిలిచారు. కొడుకు కాలేజీకి వచ్చాక పేరే వద్దన్నాడు.

ఇక ఆ కథలో అందరూ మెచ్చుకునే ముక్క: "విలన్‌కి కూడా ఒక బాధ ఉందండీ, ఎగతాళి చేస్తే అలా అయ్యాడు." ఈ వాదన దగ్గరే నాకు కడుపు మండుతుంది. స్కూల్లో ఎగతాళి పడ్డవాడు హంతకుడవుతాడన్నది నిజమైతే మా వాడల్లో ఇంటికో హంతకుడు ఉండాలి. రంగు చూసి నవ్వారు, పేరు చూసి నవ్వారు, స్కాలర్‌షిప్ ఫారం నింపుతుంటే నవ్వారు, హాస్టల్ కంచం చూసి నవ్వారు. అలా నవ్వించుకున్నవాళ్లు ఏమయ్యారు? టీచర్లయ్యారు, నర్సులయ్యారు, కండక్టర్లయ్యారు. కొందరు ఉరేసుకున్నారు. మాలో ఎగతాళి పడ్డవాళ్ల కత్తి ఎటు తిరిగిందో లెక్క తీయండి, ఎక్కువసార్లు తమమీదికే తిరిగింది. నవ్వినవాళ్లు మాత్రం ఏ థ్రిల్లర్‌లోనూ విలన్లు కాలేదు.

అదే సినిమాలో ఇంకొకడున్నాడు, గుర్తున్నాడా? లెక్కల మాస్టారు. మార్కుల భయం పెట్టి ఆడపిల్లల్ని వేధిస్తాడు. నేను పాఠం చెప్పేదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ సినిమా మొత్తంలో నిజంగా భయపడాల్సినవాడు వాడే. వాడికి జబ్బు లేదు, మేకప్ లేదు, పియానో లేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని రిజిస్టరు పట్టుకుని వస్తాడు. సినిమా వాడిని మనల్ని దారి తప్పించడానికి వాడుకుని, సగంలోనే చంపేసి, "అసలు" రాక్షసుడి కోసం వెతకడం మొదలుపెడుతుంది. రోజూ చూసే విలన్ని పక్కకు నెట్టి, ఎప్పుడూ చూడని విలన్‌కి భయపడమంటుంది. మనం హాయిగా భయపడి ఇంటికొస్తాం.

మూడు

ఇప్పుడు రెండు కథలు చెబుతాను. రెండూ నిజం.

గుంటూరు జిల్లా చుండూరు. 1991. ఊళ్లో సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లో కూర్చున్న అగ్రకులం కుర్రాడికి తగిలింది. గొడవ అక్కడ మొదలైంది. తర్వాత వాడకు పనులు ఆపేశారు, వెలి వేశారు. ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని వెంటాడి నరికారు. శవాల్ని గోనెసంచుల్లో కట్టి కాలువలో పడేశారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోవడానికి వాడ జనం ఏళ్ల తరబడి కొట్లాడారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ నిర్దోషులంది.

ఎనిమిది శవాలున్నాయి, హంతకుడు లేడు. ఏ స్క్రీన్‌ప్లే రచయితా ఇంత పెద్ద ప్రశ్న వెయ్యలేదు. మొదలైంది కూడా సినిమా హాల్లోనే. చీకట్లో పక్కపక్కన కూర్చుని మనమందరం ఒకే విలన్ని తిట్టుకుంటామని అనుకుంటాం. ఆ చీకట్లో కూడా ఎవడి కాలు ఎక్కడుండాలో ఒక లెక్క ఉందని చుండూరు చెప్పింది.

రెండోది మిర్యాలగూడ. 2018 సెప్టెంబరు 14. గర్భిణి అయిన భార్యతో ఆసుపత్రి నుంచి బయటికొస్తున్న ప్రణయ్‌ని వెనక నుంచి వచ్చినవాడు కత్తితో నరికాడు. సీసీ కెమెరాలో పడింది, టీవీ చానళ్లు రోజంతా తిప్పాయి. కోటి రూపాయలకు సుపారీ మాట్లాడుకున్నారని పోలీసులు చెప్పారు. రెక్కీ, అడ్వాన్సు, మధ్యవర్తులు, కిరాయి హంతకుడు, థ్రిల్లర్‌కి కావలసిన సరుకంతా ఉంది. విలన్ కూడా ఉన్నాడు: కూతురు దళితుడిని పెళ్లి చేసుకుందని అల్లుడిని చంపించిన తండ్రి.

ఏం జరిగింది? ఆ తండ్రికి మద్దతుగా ఊళ్లో ర్యాలీ తీశారు. ఫేస్‌బుక్‌లో "ఆడపిల్లను కన్న తండ్రి బాధ మీకేం తెలుసు" అని వేలమంది రాశారు. చదువుకున్నవాళ్లు, నాతో పాటు సెమినార్లలో పేపర్లు చదివినవాళ్లు రాశారు. 2020లో రామ్‌గోపాల్ వర్మ 'మర్డర్' అనే సినిమా ప్రకటించాడు. ఏ రోజు? ఫాదర్స్ డే రోజు. పేరుకింద 'కుటుంబ కథా చిత్రమ్' అని తగిలించాడు. కూతుర్ని మరీ ఎక్కువ ప్రేమించిన తండ్రి కథ అని ప్రచారం చేశాడు. ఇంకొకరి కొడుకును నడిరోడ్డు మీద నరికిస్తే దాన్ని ఈ భాషలో ప్రేమ అనొచ్చన్నమాట. క్రిస్టఫర్ చేస్తే సైకో, కులం చేస్తే నాన్న.

2025 మార్చిలో నల్లగొండ కోర్టు నరికినవాడికి ఉరి, మరో ఆరుగురికి యావజ్జీవం వేసింది. ప్రధాన నిందితుడైన తండ్రి 2020లోనే ఆత్మహత్య చేసుకున్నాడు. తీర్పు వచ్చిన రోజు కూడా కామెంట్లలో ఆ తండ్రి మీద జాలి చూశాను. చట్టం ఒక తీర్పు ఇచ్చింది. ప్రేక్షకుల తీర్పు వేరేగా ఉంది.

నాలుగు

అయితే నిజమైన విలన్ని ఎవరూ తియ్యలేదా? తీశారు. ఎక్కువగా పక్క రాష్ట్రంలో తీశారు. వాటికి మనవాళ్లు ఏం చేశారో కూడా చూద్దాం.

మారి సెల్వరాజ్ 'పరియేరుమ్ పెరుమాళ్' (2018) చూడని విద్యార్థులకు నేను చూడమని బతిమాలుతాను. అందులో ఒక ముసలాయన ఉన్నాడు. బక్కపలచటి మనిషి, మాసిన బట్టలు, మెల్లగా మాట్లాడతాడు. ఈతకు దిగిన కుర్రాడిని నీళ్లలో ముంచి చంపుతాడు. ఇంకొకడిని నడుస్తున్న బస్సులోంచి తోసేస్తాడు. ఒక ఆడపిల్లను ఉరేసి, తనే వేసుకుందనిపిస్తాడు. చచ్చిన ప్రతివాళ్లూ కులం గీత దాటి ప్రేమించినవాళ్లే. పోలీసు రికార్డులో అవన్నీ ప్రమాదాలు, ఆత్మహత్యలు. ఆయనకు ఇది ఉద్యోగం కాదు, కులదైవానికి మొక్కు తీర్చుకున్నట్టు చేస్తాడు. చివరికి పరియన్ని చంపలేకపోయినప్పుడు రైలుపట్టాల మీద తల పెడతాడు. పశ్చాత్తాపంతో కాదు, మొక్కు చెల్లించలేకపోయానన్న సిగ్గుతో.

నేను చూసిన భారతీయ సినిమాల్లో ఇంతకంటే భయంకరమైన సీరియల్ కిల్లర్ లేడు. ఎందుకంటే ఆయన బస్సులో మన పక్కనే కూర్చుని సీటు కొంచెం జరగమని అడిగే మనిషిలా ఉంటాడు. రాక్షసుడి గుర్తులు ఒక్కటీ లేవు.

అదే దర్శకుడు 2023లో 'మామన్నన్' తీశాడు. రత్నవేలుగా ఫహద్ ఫాసిల్. ఓడిపోయిన కుక్కని మొదట్లోనే కొట్టి చంపుతాడు. రిజర్వుడు నియోజకవర్గం ఎమ్మెల్యే మామన్నన్ వాళ్ల ఇంటికొస్తే కుర్చీ ఇవ్వరు. వయసు మళ్లిన ఆ ఎమ్మెల్యేగా వడివేలు చేతులు కట్టుకుని నిలబడితే, మా ఊళ్లో పెద్ద ఇళ్ల అరుగుల ముందు అలా నిలబడ్డవాళ్లందరూ కళ్లముందుకొచ్చారు. "కూర్చో నాన్నా" అని కొడుకు పట్టుబట్టడమే ఆ సినిమా కథ.

ఆ సినిమా జూలైలో తెలుగులోకి 'నాయకుడు' అన్న పేరుతో వచ్చింది. నెల తిరక్కుండా ఓటీటీలోకీ వచ్చింది. వచ్చాక సోషల్ మీడియాలో రీల్స్ వరద. రత్నవేలు నడక, చూపు, మీసం ముక్కలు ముక్కలుగా కత్తిరించి, వెనక తమ తమ కులాల పాటలు పెట్టారు. సినిమాలో అతని కులం పేరు చెప్పలేదు. ఆ ఖాళీలో ఎవరికి వారు తమ కులం పేరు రాసుకుని "వీడు మావాడు" అన్నారు. విలన్ని చూసి సిగ్గుపడాల్సినవాళ్లు విలన్ కోసం పోటీపడ్డారు. నాయకుడెవరో పోస్టరు మీద రాసి ఉన్నా వాళ్లకు కావలసిన నాయకుడిని వాళ్లే ఎంచుకున్నారు.

దర్శకుడిదే తప్పు, విలన్ని మరీ అందంగా చూపించాడు అన్నారు కొందరు. కుక్కని కొట్టి చంపినవాడిని చూసి మీసం తిప్పినవాడి తప్పు మోయాల్సింది దర్శకుడు కాదు. అయినా ఈ రెండు సినిమాల్నీ పక్కపక్కన పెడితే మన రచయితలకు పనికొచ్చే ఒక సంగతి ఉంది. ముసలాయన మీద ఎవడూ రీల్ చెయ్యలేదు, నాకు కనపడలేదు. చెయ్యడానికి అందులో ఏమీ లేదు. స్లోమోషన్ నడక లేదు, కండ లేదు, కారు లేదు. హత్య ఒక్కటే ఉంది. రత్నవేలు దగ్గర ఇల్లుంది, బలగముంది, ఫహద్ కళ్లున్నాయి, కెమెరాకు వాటిని చూడకుండా ఉండటం చేతకాలేదు. కులానికి వైభవం కనపడితే చాలు, అది హింసని కూడా తన ఖాతాలో వేసుకుంటుంది. ఆ వైభవం ఊడదీస్తే మిగిలేది ముసలాయన చేతులు. వాటిని "మావి" అనడానికి ఎవడూ ముందుకు రాడు.

అదే ఏడాది రెండు నెలల తేడాతో వచ్చిన ఇంకో సంగతి చూడండి. 2019 ఆగస్టులో హంతకుడిని 'రాక్షసుడు' అని పిలిచాం. అక్టోబరులో వెట్రిమారన్ 'అసురన్' తీసి ఆ పేరును భూమి కోసం నిలబడ్డ దళిత రైతుకిచ్చాడు. మీరు ఎవర్ని అసురుడన్నారో వాడి వైపు నుంచి కథ చెబుతానన్నాడు. రెండేళ్లకు అది తెలుగులో 'నారప్ప' అయింది. కథ వచ్చింది, చెప్పులు నెత్తిన మోయించిన సీను వచ్చింది, ఆ పేరు మాత్రం సరిహద్దు దాటలేదు. తిరగబడ్డ మాటని ఒక పెద్దమనిషి పేరుగా మార్చి సర్దేశాం.

మన దగ్గర అసలే లేదని అనను. కరుణకుమార్ 'పలాస 1978' (2020)లో పెద్ద షావుకారు, చిన్న షావుకారు ఉన్నారు. రఘు కుంచె చేసిన ఆ చిన్న షావుకారు మర్చిపోకూడని విలన్. కళాకారుల కుటుంబంలో పుట్టిన పిల్లల చేతికి కత్తిచ్చి, వాడుకుని, పక్కన పడేసే మనిషి. నవ్వుతూనే ఉంటాడు. మీ టాప్ టెన్‌లో ఆయన్ని ఎంతమంది రాశారు?

అయిదు

థ్రిల్లర్లు తీసే మిత్రులకు, రాసే నా పాత విద్యార్థులకు రెండు మాటలు.

హంతకుడికి పేరు పెట్టేముందు ఆ పేరున్న పిల్లవాడు ఏ క్లాసులో ఏ బెంచీ మీద కూర్చుని ఉంటాడో ఒకసారి ఊహించుకోండి. నలుపు, జబ్బు, యాస, ఇరుకు సందు, శిలువ, ఇవి భయానికి షార్ట్‌కట్లు. ఇవి లేకుండా ప్రేక్షకుడిని భయపెట్టలేకపోతే మీకు థ్రిల్లర్ రాయడం రాదు. అసలు భయం ఎక్కడుందో పత్రికల జిల్లా పేజీలు చూస్తే తెలుస్తుంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుడికి చందా ఇచ్చి, కూతురు ఫోన్‌లో ఎవరి నంబరుందో వెతుకుతున్న మనిషి దగ్గర కెమెరా పెట్టండి. పెట్టినప్పుడు ఆయన చుట్టూ డప్పులు, స్లోమోషన్ పెట్టకండి.

చూసే మిత్రులకు ఒక మాట. ఏ విలన్‌కి భయపడ్డారో అడగడం మానేసి, ఏ విలన్‌కి మీరు కారణాలు వెతికిపెట్టారో ఒక లిస్టు రాసుకోండి. "పాపం, వాడికి మాత్రం బాధ ఉండదా" అని ఎవరి గురించి అన్నారు? ఆ లిస్టులో ఉన్నవాళ్ల కులాలు పక్కన రాయండి. నాకు పంపనక్కరలేదు.

ఏడో భాగం వచ్చే ఆదివారం. మన థ్రిల్లర్లలో శవాలుగా తప్ప మాట్లాడని ఆడపిల్లల గురించి రాస్తాను. తిట్టదలచుకున్నవాళ్లు 'పరియేరుమ్ పెరుమాళ్' చూసొచ్చి తిట్టండి, జవాబిస్తాను.

జై భీమ్.